శరత్తులో పూచే మడికి తొలకరే ముహూర్తం

(హనుమకొండలో ఇంటి తోటలు పెంచుకునే కుటుంబాలు కలిసిన సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అమ్మలకు, అయ్యలకు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన అక్కలకు నమస్కారం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అంటారు. రోళ్ళు పగిలే ఎండలో కూర్చుని బతుకమ్మ నాటి పూల గురించి మాట్లాడుకోవడం ఏమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. అయితే ఈ మాట దసరా ముందర మాట్లాడుకుంటే ప్రయోజనం లేదు. ఆశ్వయుజంలో పూత కనబడాలంటే తొలకరిలో వేరు నేలలో పడాలి. ఇంకో రెండు వారాలలో, అంటే జూన్ 8 ప్రాంతంలో, మృగశిర కార్తె వస్తుంది. అందుకని ఇప్పుడే మాట్లాడుకోవాలి.

నన్ను అడిగిన విషయం ఇది: ఇంటి ప్రహరీ గోడ వెంట పొడవాటి పూల మడి వేయాలి, అది దసరా మొదలుకొని సంక్రాంతి దాకా రంగులతో నిండి ఉండాలి, పైగా ఏటేటా కొత్తగా నారు కొని నాటే పని ఉండకూడదు. అంటే ఒకసారి నాటితే నాలుగైదు ఏండ్లు నిలిచే మొక్కలు, బహువార్షికాలు కావాలి. చాలా మంచి కోరిక. ఈ కోరికతోనే మనం సెప్టెంబరులో నర్సరీకి వెళతాము, అక్కడ పూత మీద ఉన్న కుండీలు చూస్తాము, ఆటోలో వేసుకుని ఇంటికి తెస్తాము. డిసెంబరు దాకా అవి బాగుంటాయి. మరి మే నెలలో వాటిలో ఎన్ని మిగులుతున్నాయి? ఎవరికి వారు మనసులో లెక్క వేసుకోండి.

ఇక్కడే అసలు విషయం ఉంది. శరత్కాలపు రంగుల మడి అనే ఆలోచన చలి దేశాల నుండి మన దగ్గరికి వచ్చింది. ఇంగ్లండులోనూ అమెరికా ఉత్తర భాగంలోనూ సెప్టెంబరు, అక్టోబరు నెలలలో రాత్రులు చల్లబడి పగలు కురచవుతుంటే, ఆకులోని పచ్చదనం విరిగిపోయి, అప్పటిదాకా దాని చాటున దాగిన పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. కొన్ని చెట్లలో ఆ సమయానికే ఎర్రని వర్ణకం కొత్తగా తయారవుతుంది. అక్కడి వారు ఆ ఆకుల రంగుకు జోడుగా ఆస్టర్లు, సీడమ్‌లు, జపాను ఎనిమోన్‌లు నాటుకుంటారు. ఆ మొక్కలు చలికాలమంతా పైన ఎండిపోయి, మట్టిలో వేరు మాత్రం బతికి ఉండి, వసంతంలో మళ్ళీ చిగురిస్తాయి. అక్కడి బహువార్షిక మొక్కకు గండం మంచు.

మనకు మంచు ఎక్కడిది? మన పాకాల అడవిలోనో ఏటూరునాగారం అడవిలోనో టేకు ఆకు రాలేది అక్టోబరులో కాదు, చలికాలం చివర మొదలై ఎండలు ముదిరే దాకా రాలుతుంది. మోదుగ ఆకంతా రాల్చుకుని ఎర్రగా పూచేది కూడా ఆ ఎండలు మొదలయ్యేటప్పుడే. శరత్తు వచ్చేసరికి మన నేల ఏడాదిలో ఎన్నడూ లేనంత పచ్చగా ఉంటుంది, ఎందుకంటే మన ఏటి వానలో నాలుగింట మూడు వంతులకు మించి జూన్ నుండి సెప్టెంబరు లోపలే కురిసిపోతుంది. కాబట్టి మనకు శరత్తులో రంగు కావాలంటే అది ఆకు నుండి కాక పువ్వు నుండే రావాలి. ఇక మన దగ్గర బహువార్షిక మొక్కకు గండం ఏది? మీరు ఇప్పుడు చెమట తుడుచుకుంటున్నారు చూడండి, అదే. ఏప్రిల్, మే నెలల ఎండ. 43, 44 డిగ్రీల ఎండను, వేడి గాలిని, గోడ నుండి రాత్రంతా కొట్టే సెగను దాటి జూన్‌కు చేరిన మొక్కే మనకు బహువార్షికం. నర్సరీ అట్ట మీద ఏమి రాసి ఉన్నా సరే, వరంగల్ ఎండ దాటనిది మన మడిలో ఒక్క పంటకు మించి ఉండదు.

ఈ పరీక్షలో మొదటి మార్కు తంగేడుకు వేయాలి. మన రాష్ట్ర పుష్పం అది. బతుకమ్మలో దానికి ఉన్న చోటు నేను మీకు చెప్పనవసరం లేదు, మీరే నాకు చెప్పాలి. కానీ మనలో ఎంతమంది ఇంటి ఆవరణలో తంగేడు ఉంది? చేతులు ఎత్తండి. చూశారా, ముగ్గురో నలుగురో. గుట్టల మీద, చెరువు కట్టల మీద దానంతట అది పెరిగే మొక్కను ఇంట్లో ఎవరు నాటుతారని అనుకుంటాము. ఊరి చుట్టూ భూములు ప్లాట్లు అయిన తరువాత ఆ గుట్టలూ గట్లూ తగ్గాయి. ఇప్పుడు పండుగ రోజున కట్టలు కొంటున్నాము. తోటమాలి దృష్టితో చూస్తే తంగేడు లోతుగా వేరు దించే పొద. చల్క నేలలో, మొరం కలిసిన నేలలో, నీళ్ళు పోయనివారి ఇంట్లో కూడా బతుకుతుంది. ఆగస్టులో మొదలుపెట్టి నవంబరు దాటేదాకా నిండు పసుపు గుత్తులు పూస్తుంది. మన మడికి వెనుక వరుస అదే కావాలి.

అయితే తంగేడుకు ఒక స్వభావం ఉంది, దానిని తెలుసుకుని నడుచుకోవాలి. లోతుగా దిగే తల్లివేరు కనుక గుట్ట మీది మొక్కను పెకిలించి తెచ్చి నాటితే చాలా వరకు చనిపోతుంది. గింజ వేయడమే మంచిది. దాని గింజ పైపెంకు గట్టిది, నీరు లోపలికి పోనివ్వదు. అందుకని కాచి దింపిన వేడి నీటిలో వేసి రాత్రంతా అలాగే వదిలి, ఉబ్బిన గింజలను మాత్రం ఏరి, అనుకున్న చోటనే చోటుకు రెండు మూడు చొప్పున విత్తండి. మొలిచాక బలంగా ఉన్నదానిని ఉంచి మిగతావి తీసేయండి. మొదటి ఏడు పూత పెద్దగా ఆశించవద్దు, ఆ ఏడు అది వేరు పనిలో ఉంటుంది. రెండో ఏటి నుండి ప్రతి ఫిబ్రవరిలో, కాయలు ఎండిన తరువాత, మోకాలి ఎత్తుకు కొట్టేయండి. కొట్టేయడానికి చేయి రాదు, నాకు తెలుసు. కొట్టకపోతే కింద బోడిగా, పైన నాలుగు కొమ్మలతో నిలబడుతుంది. కొడితే వానలకు గుబురుగా లేస్తుంది. ఇంకొక మాట, దాని ఆకు మీద పచ్చని గొంగళి పురుగులు కనబడితే మందు కొట్టవద్దు. లేత పసుపు రంగు సీతాకోకచిలుకల పిల్లలవి. ఆకు మళ్ళీ వస్తుంది.

తంగేడు చెప్పి గునుగు చెప్పకపోతే ఈ సభలోని అక్కచెల్లెళ్ళు నన్ను కిందికి దిగనివ్వరు. నిజానికి గునుగు బహువార్షికం కాదు, ఒక్క కాలపు మొక్క. పూచి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. అయినా దానిని మన మడిలోకి రానివ్వవచ్చు, ఎందుకంటే ఒకసారి గింజ రాలిన చోట తొలకరి తడికి మళ్ళీ తానే మొలుస్తుంది. మనం నాటము, అది వస్తూ ఉంటుంది. మీరు చేయవలసినదల్లా జులైలో కలుపు తీసేటప్పుడు దానిని గుర్తుపట్టి, అడుగుకు ఒకటి చొప్పున ఉంచి, మిగిలినవి పీకేయడం. సీతమ్మ జడ కూడా అంతే.

ఇక దీపావళి తరువాతి రంగు. ఈ భాగంలో మనకు ఇద్దరు ముఖ్యులు ఉన్నారు, డిసెంబరు పూలు, చామంతి. డిసెంబరు పూల గురించి తక్కువ మాటలు చాలు, ఎందుకంటే దానంత ఓర్పు గల మొక్క లేదు. ఊదా, తెలుపు, గులాబీ, తెల్ల మీద ఊదా చారలు, ఇన్ని రంగులలో దొరుకుతుంది. నవంబరు నుండి జనవరి దాకా పూస్తుంది. సగం నీడలో కూడా ఊరుకుంటుంది. వానాకాలంలో కొమ్మ విరిచి గుచ్చితే వేరు పోసుకుంటుంది. పసుపు రంగు ముళ్ళ గోరింట దీనికి బంధువే. గోడ అవతలి నుండి మేకలు మెడ చాపే చోట ఆ ముళ్ళదానిని పెట్టుకోండి.

చామంతి దగ్గర కొంచెం ఆగాలి. చామంతి కొని తెచ్చినవారు చాలామంది, నిలబెట్టుకున్నవారు కొందరు. చామంతి ఎప్పుడు మొగ్గ తొడగాలో నిర్ణయించేది మీరు వేసే ఎరువు కాదు, రాత్రి పొడవు. మన వరంగల్‌లో జూన్ చివర పగలు సుమారు 13 గంటలు ఉంటుంది, డిసెంబరు చివర సుమారు 11 గంటలు. పగలు తగ్గి రాత్రి పొడవు పెరుగుతున్న కొద్దీ చామంతి ఆకులు వేయడం ఆపి మొగ్గ వైపు తిరుగుతుంది. ఆ రాత్రి చీకటిగా ఉండాలి. ఇప్పుడు చెప్పండి, మీ గేటు పక్కన వీధి దీపం కింద పెట్టిన చామంతి ఆలస్యంగా పూయడానికో, అసలు పూయకపోవడానికో కారణం ఏమిటి? అవునండీ, వెనుక కూర్చున్న అమ్మగారు సరిగ్గా చెప్పారు, ఆ మొక్కకు రాత్రి అయినట్టే తెలియదు. వీధిలో ఎల్‌ఈడీ దీపాలు వచ్చిన తరువాత ఈ ఫిర్యాదు నేను తరచుగా వింటున్నాను. మందులు మార్చకండి, మొక్కను దీపం వెలుగు పడని చోటుకు మార్చండి. ఇంటి ముందర అలాంటి చోటు లేకపోతే పెరటి గోడ వెంట వేయండి.

రెండో సంగతి, తలలు తుంచడం. జూన్ చివర పిలకలు నాటితే, నాటిన నెలకు ప్రతి మొక్క కొన చిగురును వేళ్ళతో గిల్లేయండి. పక్క కొమ్మలు వస్తాయి. అవి జానెడు పెరిగాక వాటి తలలు కూడా ఒకసారి గిల్లండి. ఆగస్టు దాటాక మాత్రం గిల్లవద్దు, అప్పుడు మీరు తీసేది చిగురు కాదు, పువ్వు. గిల్లని చామంతి నిట్టనిలువుగా పెరిగి, నాలుగు పూలు పూచి, మొదటి గాలివానకు పడిపోతుంది. గిల్లినది బుట్టలా కూర్చుంటుంది. మూడో సంగతి, నీరు నిలవడం. చామంతి ఎండకు చచ్చేదానికన్నా ఆగస్టు వానలకు వేరు కుళ్ళి చచ్చేదే ఎక్కువ.

నీరు నిలవడం అన్నాము కాబట్టి నేల మాట ఇక్కడే చెప్పుకుందాము. హనుమకొండ, కాజీపేట గుట్టల చుట్టుపక్కల ఇండ్లకు ఎక్కువగా ఎర్ర చల్క నేలలు, మొరం నేలలు ఉంటాయి. అక్కడ నీరు నిలవదు, బలమూ నిలవదు. పశువుల ఎరువు బాగా మాగినది రెండు మూడు అంగుళాల మందాన పరచి, జానెడున్నర లోతుకు తిరగవేసి కలపండి. ఎనుమాముల మార్కెట్టుకు పత్తి వచ్చే రేగడి నేలల వైపు ఇండ్లు కట్టుకున్నవారికి బాధ తిరగబడుతుంది. రేగడిలో బలం ఉంటుంది కానీ వానకు ముద్ద అవుతుంది, ఎండకు నెర్రెలు బారి వేర్లను తెంపుతుంది. మీరు మడిని నేల మట్టం కన్నా కనీసం అర అడుగు ఎత్తు చేయండి, ఇసుక ఒక్కటే కలిపి ఊరుకోకండి, ఎండుటాకు, ఎరువు ఎక్కువగా కలపండి. నూరు వరహాలు మాత్రం సున్నం ఎక్కువగా ఉన్న రేగడిలో పెట్టవద్దు, ఇనుము అందక లేత ఆకులు పాలిపోతాయి. కొత్త ఇండ్ల వారికి ఇంకొక హెచ్చరిక. గోడ పక్కన మీరు నేల అనుకుంటున్నది చాలాచోట్ల మేస్త్రీ వదిలేసిన సిమెంటు ముద్దలు, ఇటుక ముక్కలు, కంకర. ఈ పది పదిహేను రోజులలో దానిని తవ్వి పారేయండి. తవ్విన మట్టి ఈ ఎండకు మాడనివ్వండి, కలుపు గింజా పురుగు గుడ్డూ కొంత తగ్గుతాయి.

మడి వెడల్పు ఎంత? చోటు ఉంటే 5 అడుగులు. కానీ మనలో చాలామందివి 200 గజాల ఇండ్లు, గోడ వెంట 3 అడుగులు దొరికితే అదృష్టం. 5 అడుగులు ఉన్నవారు గోడకూ తంగేడుకూ నడుమ అడుగున్నర ఖాళీ వదలండి. మనిషి దూరి కత్తిరించడానికి ఒకటి, గోడ సెగ తగలకుండా ఒకటి. పడమర ఎండ పడే గోడ అయితే ఆ ఖాళీ తప్పనిసరి. తంగేళ్ళ మధ్య 4, 5 అడుగులు, డిసెంబరు పూల మధ్య 2 అడుగులు పైన, చామంతుల మధ్య అడుగు. 3 అడుగులే ఉన్నవారు తంగేడు ఆశ వదులుకుని వెనుక డిసెంబరు పూలు, ముందర చామంతి, అంతే పెట్టుకోండి. ఇరుకు మడిలో అన్నీ కావాలంటే ఏదీ కనబడదు.

బతుకమ్మ పేర్చేటప్పుడు మీరు ఏమి చేస్తారు? ఒక్కొక్క పువ్వూ ఒక్కొక్క రకం పెట్టరు. గునుగు ఒక వరుస, తంగేడు ఒక వరుస, బంతి ఒక వరుస, రంగు రంగుకూ మధ్య ఒక తెలుపు, అట్లా వలయంగా పేరుస్తారు. పళ్ళెం మీద ఇంత బాగా తెలిసిన ఈ పద్ధతిని నేల మీదికి వచ్చేసరికి మనం మరచిపోతాము. నర్సరీ నుండి తలా ఒకటి చొప్పున ఇరవై రకాలు తెచ్చి పక్కపక్కన గుచ్చుతాము. దూరం నుండి చూస్తే ఏ రంగూ ఆనదు. రకాలు తగ్గించండి, ఒక్కొక్క రకం మొక్కలు పెంచండి. ఇరవై అడుగుల మడికి ఐదారు రకాలు చాలు. నా మాట నమ్మి ఒక్క ఏడు చూడండి. తంగేడు పసుపుకు ముందర ఊదా డిసెంబరు పూలు, వాటి ముందర తెల్ల చామంతి కానీ లేత పసుపు చామంతి కానీ ఉంచితే బాగుంటుంది. నారింజ రంగు కనకాంబరం ముదురు ఊదా పక్కన బాగుంటుంది, గులాబీ రంగు పక్కన నాకు నచ్చదు. మీకు నచ్చితే మీ ఇల్లు, మీ ఇష్టం.

కనకాంబరం గురించి ఎవరో చీటీ పంపారు, రెండేండ్లకే ఎండిపోతోందని. పీకి వేరు చూడండి. వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటే అది నులిపురుగు. కనకాంబరానికి అది పెద్ద శత్రువు. అక్కడే మళ్ళీ కనకాంబరం నాటవద్దు. ఆ చోట ఒక కాలం నిండుగా బంతి వేయండి. బంతి వేర్ల నుండి వచ్చే పదార్థాలు నులిపురుగును తగ్గిస్తాయి. బంతి కూడా ఒక్క కాలపు మొక్కే, కానీ మొదటి ఏడు తంగేడు ఎదిగేదాకా ఖాళీలు నింపడానికి దానికన్నా మంచిది లేదు. జులై మధ్యలో నారు పోసి, నెల లోపల నాటితే దసరాకు అందుతుంది. మరుసటి ఏడు ఆ చోట, వేప పిండి వేసి, కొత్త కనకాంబరం పెట్టుకోండి.

దుంప జాతి వాటిని తొందరగా చెప్పేస్తాను. మెట్ట తామర, లిల్లీ, రెయిన్ లిల్లీ, చంద్రకాంత. ఇవి ఎండ గండాన్ని ఓర్చుకోవడానికి మట్టిలో దాచుకున్న దుంప మీద బతుకుతాయి. మే నెలలో పైన ఎండిపోయినట్టు కనబడినా తొందరపడి పీకి పారేయకండి. చంద్రకాంత సాయంత్రం వేళకు విచ్చుకుంటుంది కనుక ఆఫీసుల నుండి వచ్చేవారికి అనువైన పువ్వు. గింజలు పిల్లల నోట్లో పడకుండా చూసుకోండి, అవి మంచివి కావు. గన్నేరు కూడా అంతే, ఆకు మొదలు అన్ని భాగాలూ విషమే. పశువులు తిరిగే వీధి వైపు గన్నేరు వద్దు.

ఆకుల రంగు కూడా కావాలని ఇందాక ఒకరు అడిగారు. క్రోటన్లు ఉన్నాయి, రాగి రంగు అకాలిఫా ఉంది, చలికాలంలో పై ఆకులు ఎర్రబడే పాయిన్సెట్టియా ఉంది. పాయిన్సెట్టియాకు కూడా చామంతిలాగే పొడవైన చీకటి రాత్రి కావాలి. ఒకటో రెండో పెట్టుకోండి. వీటితోనే మడి నింపితే మాత్రం అది ఏడాదంతా ఒకే తీరుగా ఉంటుంది, శరత్తు వచ్చిందన్న గుర్తు అందులో ఉండదు.

ఇక ఎండాకాలపు పని, ఇది చాలామంది వదిలేసే పని. సంక్రాంతి దాటాక చామంతి పూత అయిపోతుంది. ఫిబ్రవరిలో మొక్కను నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున కోసేయండి. మొక్క మొదలు దగ్గర పిలకలు వస్తాయి. మే ఎండలో వాటిని మడిలోనే ఉంచితే కొన్ని పోతాయి, కాబట్టి కొన్నింటిని వేరుతో సహా తీసి కుండీలో పెట్టి, మామిడి చెట్టు కిందో బావి గట్టు పక్కనో నీడన ఉంచండి, జూన్ నాటు అవే. డిసెంబరు పూలను సగానికి కత్తిరించండి. మడి మీద వరిగడ్డి కానీ ఎండుటాకు కానీ మూడు వేళ్ళ మందం పరచండి, మొక్క మొదలుకు ఆనకుండా. నీరు రోజూ పైపైన చిలకరించవద్దు. నాలుగైదు రోజులకు ఒకసారి తెల్లవారుజామున లోతుగా తడవండి. రోజూ తడి పైననే దొరికితే వేరు కిందికి ఎందుకు దిగుతుంది? పైననే ఉన్న వేరు మొదటి ఎండకు మాడుతుంది. ఈ కాలంలో ఎరువు అసలు వేయవద్దు. నిద్రపోయే మొక్కను లేపి అన్నం పెట్టనక్కరలేదు.

నేలే లేదు, గోడ దాకా సిమెంటు చేయించామన్నవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అడుగున్నర లోతు ఉన్న పొడవాటి తొట్లలో చామంతి, కనకాంబరం, రెయిన్ లిల్లీ వస్తాయి. తంగేడు రాదు. తొట్టికి అడుగున రంధ్రాలు ఉన్నాయో లేదో కొనేటప్పుడే చూసుకోండి, తొట్టిని ఇటుకల మీద పెట్టండి.

బయట బల్ల మీద తంగేడు గింజల పొట్లాలు ఉన్నాయి, ఇంటికి ఒకటి తీసుకోండి. వాటిని ఇప్పుడే నానబెట్టకండి, మృగశిరలో మంచి వాన పడి నేల జానెడు లోతు తడిసిన రోజు రాత్రి వేడి నీటిలో వేసి, మరునాడు విత్తండి. తడి గోనెలో చుట్టిన డిసెంబరు పూల కొమ్మలు కూడా ఉన్నాయి, అవి ఆగవు. రాత్రికే కింది ఆకులు దూసేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్టు కుండీలో గుచ్చి, ఎండ పడని చోట పెట్టండి. ఊదావి ఎడమ వైపు, తెల్లవి కుడి వైపు ఉన్నాయి, కలిసిపోకుండా తీసుకోండి.